బ్యాడ్జీ పోయింది, లెక్క పోలేదు

ఆఫీసు చాట్, మీటింగుల యాప్ మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో రావాల్సిన ఓ సదుపాయం మళ్లీ చర్చకొచ్చింది. ల్యాప్‌టాప్ ఆఫీసు వైఫైకి కలవగానే ఉద్యోగి ఏ బిల్డింగులో ఉన్నాడో యాప్ తనంతట తానే చూపిస్తుంది. 2025లో ఈ కబురు బయటికి రాగానే గొడవైంది, విడుదల వాయిదా పడింది. మొదట ఇది ఆఫ్‌లోనే ఉంటుందని, ఆన్ చేయడం సంస్థ అడ్మిన్ ఇష్టమని, ఆపైన ఉద్యోగి కూడా ఒప్పుకోవాలని కంపెనీ చెబుతోంది. మేనేజర్ ఒప్పుకోమన్నాక ‘వద్దు’ అనేదెవరన్నది ఉద్యోగుల ప్రశ్న.

ఫ్యాక్టరీ హాజరు గడియారాల నుంచి సీసీ కెమెరాల దాకా ఉన్న నిఘా కథ అందరికీ తెలిసిందే. ఇక్కడ కావాల్సింది వేరే లెక్క: ఆఫీసులో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు?

దీనికి ఊపు వచ్చింది అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో. 2004లో అక్కడి పరిశోధకులు నేథన్ ఈగల్, శాండీ పెంట్‌లాండ్ దాదాపు 100 మంది విద్యార్థులకు, సిబ్బందికి నోకియా 6600 ఫోన్లు ఇచ్చారు. బ్లూటూత్ ద్వారా ఏ ఫోను ఏ ఫోనుకు దగ్గరగా వచ్చిందో తొమ్మిది నెలలు నమోదు చేశారు. ఎవరెవరు స్నేహితులో ఈ డేటాతోనే 95 శాతం సరిగ్గా చెప్పగలిగామని 2009లో ప్రకటించారు. అయితే బ్లూటూత్‌కు గోడ అడ్డం కాదు. పార్టిషన్‌కు అటొకరు ఇటొకరు కూర్చున్నా కలిసినట్టే రాసుకుంటుంది. అదే ల్యాబ్‌లో మెడలో వేసుకునే బ్యాడ్జీ కూడా తయారైంది. ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నారా అన్నది ఇన్‌ఫ్రారెడ్ పట్టుకుంటుంది. కదలికలకు ఒక సెన్సర్ ఉంటుంది. మైకు మాటల్ని రికార్డు చేయదు, గొంతు తీరును మాత్రం కొలుస్తుంది.

బ్యాంక్ ఆఫ్ అమెరికా కాల్ సెంటర్‌లో ఈ బ్యాడ్జీలకు పేరొచ్చింది. అక్కడ బ్రేకు ఒక్కొక్కరికి ఒక్కో సమయంలో ఇచ్చేవారు. టీమ్ మొత్తానికీ ఒకేసారి ఇచ్చి చూశారు. వెనకబడిన టీముల్లో ఒక్కో కాల్‌కు పట్టే సమయం 20 శాతానికి పైగా, మొత్తమ్మీద 8 శాతం తగ్గిందని పెంట్‌లాండ్ 2012లో రాశారు. ఏడాదికి కోటిన్నర డాలర్ల లాభం ఉంటుందని కాల్ సెంటర్ మేనేజర్ అంచనా కట్టారు. డబ్బు కనబడ్డాక ఏ కంపెనీ ఊరుకుంటుంది?

నిఘా కథలన్నీ ఇక్కడే ఆగి బ్యాడ్జీని తిడతాయి. నిజానికి ఆ బ్యాడ్జీ కాలమే కాస్త మర్యాదగా ఉండేది. ఎంఐటీ నుంచి పుట్టిన హ్యూమనైజ్ కంపెనీ ముందుగా ఉద్యోగి ఒప్పుకోలు తీసుకునేది. ఇష్టం లేనివాళ్లు నలుగురిలో వేరుగా కనబడకుండా పనిచేయని ఉత్తుత్తి బ్యాడ్జీ వేసుకోవచ్చు. ఒక్కొక్కరి లెక్క యజమానికి ఇవ్వబోమని, సగటులే ఇస్తామని చెప్పేది.

మలుపు 2015 సెప్టెంబర్‌లో పెద్ద సందడి లేకుండా వచ్చింది. సత్య నాదెళ్ల సీఈఓ అయిన మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ వోలోమెట్రిక్స్ అనే చిన్న కంపెనీని కొన్నది. ఆ కంపెనీ మెడలో ఏమీ వేయదు. ఎవరు ఎవరికి ఎప్పుడు మెయిల్ పంపారు, ఏ మీటింగులో ఎంతసేపు ఉన్నారు అన్న వివరాలతోనే సంస్థలోని సంబంధాల బొమ్మ గీస్తుంది. బ్యాడ్జీని తీసి టేబుల్ మీద పెట్టొచ్చు. మెయిల్, క్యాలెండర్ లేకుండా ఉద్యోగం ఎలా చేస్తారు? కొలిచే పరికరం, పని చేసే పరికరం ఒకటైపోయాయి. ఒప్పుకోలు సంతకం స్థానంలోకి అడ్మిన్ సెట్టింగ్ వచ్చింది. తర్వాత హ్యూమనైజ్ కూడా ఈ దారికే వచ్చింది.

ఫలితం 2020 నవంబర్‌లో కనిపించింది. సంస్థల్లో ఆఫీసు సాఫ్ట్‌వేర్ వాడకాన్ని కొలిచే మైక్రోసాఫ్ట్ ప్రొడక్టివిటీ స్కోర్‌లో 28 రోజుల్లో ఎవరు ఎన్ని రోజులు మెయిల్, చాట్ వాడారో పేర్లతో సహా కనబడుతోందని వియన్నా పరిశోధకుడు వోల్ఫీ క్రిస్టల్ బయటపెట్టారు. డిసెంబర్ 1న కంపెనీ పేర్లు తీసేస్తున్నట్టు ప్రకటించింది. అడిగేవాడు లేకపోతే ఉండేవే కదా.

కొలత వల్ల ఉద్యోగికీ మేలుందని కంపెనీలు అంటాయి. ఓపెన్ ఆఫీసుతో మాటలు పెరుగుతాయన్న నమ్మకం తప్పని తేలింది కూడా ఇలాంటి కొలతతోనే. 2018లో పరిశోధకులు ఈథన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ ఇవే బ్యాడ్జీలతో చేసిన అధ్యయనంలో, గోడలు తీసేసిన ఓపెన్ ఆఫీసుల్లో ముఖాముఖి మాటలు దాదాపు 70 శాతం పడిపోయాయని తేలింది.

జర్మనీలో ఇలాంటి సాఫ్ట్‌వేర్ పెట్టాలంటే ఉద్యోగుల మండలి ఉన్న సంస్థ దానితో ఒప్పందానికి రావాలి. మన దగ్గర 2023 డేటా రక్షణ చట్టం ఏడో సెక్షన్ ‘ఉద్యోగ అవసరాల’ కోసం సమ్మతి లేకుండానే డేటా వాడుకోనిస్తుంది. ఆ అవసరాలు ఎక్కడ ఆగాలో గీత గీయలేదు. నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి. యజమానుల బాధ్యతల్లో ముఖ్యమైనవి అమల్లోకి రావడానికి 18 నెలల గడువుంది. అంటే 2027 మే. గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో టీమ్స్ సెట్టింగ్ ఆన్ చేయడానికి అడ్మిన్‌లు అప్పటిదాకా ఆగాల్సిన పనేమీ లేదు.