ఆసుపత్రి సిబ్బంది, ఫ్లూ టీకా: అపోహలు – వాస్తవాలు

నెల్లూరులోని ఒక ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా పనిచేస్తున్నాను. ఏటా సెప్టెంబరులో సిబ్బందికి ఫ్లూ టీకాలు వేసేటప్పుడు నా దగ్గర ఒక రిజిస్టరు ఉంటుంది. వేయించుకున్నవారి చేత సంతకం పెట్టించుకుంటాను, వద్దన్నవారు ఎందుకు వద్దన్నారో వారి మాటల్లోనే రాసుకుంటాను. రోజంతా ఇతరులకు సూదులు వేసే స్టాఫ్ నర్సు తన భుజం చూపించడానికి వెనకాడడం బయటివారికి వింతగా తోచవచ్చు. ఆ కారణాలను వరుసగా చదివితే మాత్రం, చాలావాటి వెనుక వార్డులో కళ్లారా చూసిన సంఘటన ఏదో ఒకటి ఉందని తెలుస్తుంది. అందుకే ఆ మాటలనే ఇక్కడ అపోహలుగా తీసుకుంటున్నాను.

అపోహ: "పోయినేడు ఏసుకున్న మూడో రోజే జొరం తగులుకుంది సిస్టర్. ఆ సూదితోనే ఫ్లూ వచ్చింది."

వాస్తవం: మేము భుజానికి వేసే అర మిల్లీలీటరు మందులో ఉండేవి చంపిన వైరస్ నుంచి తీసిన భాగాలే కాబట్టి అవి ఒంట్లో పెరగలేవు, ఫ్లూను కలిగించలేవు. బలహీనపరచిన సజీవ వైరస్‌తో తయారయ్యే టీకా వేరు, దానిని ముక్కులో వేస్తారు. సూది వేసిన చోట నొప్పి, ఒకటి రెండు రోజులు ఒళ్లునొప్పులు, కొద్దిపాటి జ్వరం వచ్చే మాట నిజమే. అయితే ఎవరికి టీకా వేశారో, ఎవరికి ఉత్త సెలైన్ వేశారో తెలియనివ్వకుండా ఆరోగ్యవంతులైన పెద్దలపై జరిపిన పరీక్షల్లో, టీకా వేసిన వారిలో భుజం నొప్పి ఒక్కటే ఎక్కువగా కనిపించింది. జ్వరం, ఒళ్లునొప్పులు రెండు వర్గాల్లోనూ దాదాపు సమానంగానే ఉన్నాయి. పైగా టీకా వల్ల రక్షణ ఏర్పడడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఈలోగా ఓపీలో దగ్గుతున్నవారి మధ్యే తిరుగుతాము గనుక, మూడో రోజు వచ్చిన జ్వరానికి ముందురోజుల డ్యూటీయే కారణమై ఉండవచ్చు.

అపోహ: "ఫ్లూ చలిదేశాల జబ్బు, నెల్లూరు ఎండలకు అది బతకదు."

వాస్తవం: మన దేశంలో ఫ్లూ ఎక్కువగా వానలతో కలిసి వస్తుంది. శ్రీనగర్‌లో చలికాలంలో హెచ్చితే, ఢిల్లీ, పుణె వంటి నగరాల్లో నైరుతి రుతుపవనాల రోజుల్లోనూ, చెన్నైలో అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలతోనూ హెచ్చినట్లు పరిశీలనల్లో తేలింది. మనకూ ప్రధానంగా కురిసేవి ఆ ఈశాన్య వానలే. సెప్టెంబరును ఎంచుకోవడానికి కారణం ఇదే.

అపోహ: "నాకు జలుబే రాదు, నా వల్ల పేషెంట్లకు ఏమవుతుంది?"

రిజిస్టరులో నాకు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే మాట ఇది. వాస్తవం చెప్పేముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన తొలి ఎనిమిదేళ్లు నేను కూడా ఇదే మాట చెప్పి తప్పించుకున్నాను. ఒక నవంబరు రాత్రి డయాలసిస్ యూనిట్‌లో డ్యూటీకి వెళ్లేటప్పుడు గొంతులో కొద్దిగా గరగర ఉంది. వేడి టీ తాగి, నలుగురు రోగులకు మిషన్లు పెట్టాను. తెల్లవారేసరికి 102 డిగ్రీల జ్వరం వచ్చింది, పరీక్షలో ఫ్లూ అని తేలింది. ఆ నలుగురిలో కోవూరు నుంచి వచ్చే పెద్దాయన వారం తిరగకముందే న్యుమోనియాతో ఐసీయూలో చేరి, పన్నెండు రోజుల తరువాత ఇంటికి వెళ్లారు. ఆ రోజుల్లో ఊరంతా దగ్గుతూనే ఉంది కాబట్టి అది నా వల్లే వచ్చిందని చెప్పలేను, కాదనీ చెప్పలేను.

వాస్తవం: ఫ్లూ సోకిన పెద్దవారు లక్షణాలు కనిపించడానికి ఒకరోజు ముందు నుంచే దానిని ఇతరులకు అంటించగలరు. కొందరిలోనైతే లక్షణాలే కనిపించవు. 1993–94 చలికాలంలో గ్లాస్గోలోని నాలుగు ఆసుపత్రుల్లో 518 మంది సిబ్బంది రక్తాన్ని పరీక్షిస్తే 120 మందికి ఆ సీజనులో ఫ్లూ సోకినట్లు తేలింది. వారిలో 71 మందికి తమకు ఫ్లూ వచ్చినట్లే గుర్తు లేదు, 34 మందికి కనీసం జలుబు, దగ్గు వంటివి వచ్చినట్లు కూడా గుర్తు లేదు. జలుబే రాదని నమ్మకంగా చెప్పేవారిలో ఇటువంటివారు ఎందరో ఊహించుకోవచ్చు. మాస్కు ఉంది కదా అన్నవారికి నా జవాబు ఒక్కటే: నర్సింగ్ స్టేషన్ వెనుక గదిలో ఆరుగురు ఒకే బల్ల చుట్టూ టిఫిన్ డబ్బాలు తెరిచినప్పుడు ఆ మాస్కులు ఎక్కడుంటాయో చూడండి.

అపోహ: "సగం మందికి కూడా పనిచేయని టీకా ఎందుకు?"

వాస్తవం: దీనిని పూర్తిగా అపోహ అనడానికి నాకు మనసొప్పదు. టీకాలోని వైరస్ రకాలూ ఊళ్లో తిరిగే రకాలూ బాగా కలిసిన సంవత్సరాల్లో కూడా, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సినంత ఫ్లూ వచ్చే అవకాశం 40 నుంచి 60 శాతం మేర తగ్గుతుంది, అంతే. సిబ్బంది వేయించుకుంటే రోగుల మరణాలు తగ్గుతాయని బ్రిటన్‌లోని వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో జరిగిన అధ్యయనాలు చెప్పినా, ఆ ఆధారాలు ఎంత గట్టివన్న దానిపై నిపుణుల్లో ఇప్పటికీ భేదాభిప్రాయాలున్నాయి. నేను ఈ సంగతులను దాచకుండా చెబుతాను, ఎందుకంటే నూటికి నూరు పాళ్లు రక్షణ అని ఒకసారి చెప్పి, ఆ ఏడాది ఒక్క సిస్టర్‌కు ఫ్లూ వచ్చినా మరుసటి ఏడాది ఆ వార్డులో ఎవరూ చేయి చాపరు. హెల్మెట్ పెట్టుకున్నవారు కూడా ప్రమాదాల్లో పోతున్నారని మనం హెల్మెట్ మానేయము కదా.

ఏటా వేయించుకోవడం దేనికన్న ప్రశ్నకు జవాబు చిన్నదే: వైరస్ మారుతూ ఉంటుంది, ఒంట్లో రక్షణ తగ్గుతూ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికీ, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికీ టీకాలో ఉండవలసిన రకాలను సూచిస్తుంది. కోవిడ్ టీకా దీనికి బదులు కాదు.

గర్భిణులైన సిస్టర్లు తమకు వద్దనడం చూస్తుంటాను. భుజానికి వేసే టీకాను ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు. ఆరు నెలల లోపు పసిబిడ్డకు టీకా వేయడానికి వీలుండదు కాబట్టి తల్లి నుంచి వచ్చే రక్షణే బిడ్డకు ఆధారం. కోడిగుడ్డు పడనివారికి ఇప్పుడు అడ్డంకి లేదు, గతంలో ఇదే టీకాకు తీవ్రమైన అలర్జీ వచ్చినవారు మాత్రం వేయించుకోకూడదు. "కాళ్లు చచ్చుబడతాయంట" అన్న భయానికి మూలం 1976 నాటి అమెరికా. స్వైన్ ఫ్లూ టీకాను అక్కడ సుమారు నాలుగున్నర కోట్ల మందికి వేసినప్పుడు, నరాలు దెబ్బతిని కాళ్లూచేతులూ చచ్చుబడే గిలాన్ బారే జబ్బు లక్షకు ఒకరు చొప్పున అదనంగా కనిపించడంతో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. నేటి టీకాలతో ఆ అదనపు ముప్పు ఉన్నా పది లక్షలకు ఒకటి రెండు కేసులకు మించదు. ఫ్లూ వచ్చిన తరువాత కూడా అదే జబ్బు రాగలదన్న సంగతి మాత్రం ఎవరూ ఎవరికీ ఫార్వర్డ్ చేయరు.

రిజిస్టరులో ఎవరూ రాయించని కారణం ఒకటుంది. మా వార్డు ఆయమ్మ ఒకసారి, "రేపు జొరమొచ్చి రాలేకపోతే నా జీతం కోత నువ్వు కడతావా తల్లీ?" అని అడిగింది. కాంట్రాక్టు మీద పనిచేసే ఆమెకు రానిరోజు జీతం లేదు. టీకా వేసిన మరునాడు అవసరమైనవారికి జీతంతో సెలవు ఇవ్వాలని రెండేళ్లుగా యాజమాన్యానికి రాస్తున్నాను, ఇంకా జవాబు రాలేదు. అందుకని మా పరిధిలో ఉన్నదే చేశాము: రోస్టరు ముందు పెట్టుకుని, ఎవరి వారపు సెలవుకు ముందురోజు వారికి, డ్యూటీ దిగే వేళకు, టీకా ఉన్న ఐస్ డబ్బాను వార్డుకే తీసుకువెళ్లడం మొదలుపెట్టాము. పోయిన శనివారం సాయంత్రం ఆయమ్మ చీర కొంగు సర్దుకుని, రవిక చేయి పైకి జరిపి, తల అటు తిప్పుకుని కూర్చుంది. ఆదివారం ఆమెకు సెలవు.