మూతి వంకరపోతే ముందు నుదురు చూడండి

మూతి ఒక పక్కకి లాగేసింది, ఇది పక్షవాతమేనా అని చాలామంది అడుగుతుంటారు. కొందరిలో అవును, కొందరిలో కాదు. తేడా తెలియాలంటే మూతిని కాసేపు వదిలేసి నుదురు చూడాలి. తల కదపకుండా కళ్ళు మాత్రం పైకెత్తి సీలింగ్ ఫ్యాను వైపు చూడమనండి. నుదుటి మీద రెండు పక్కలా ముడతలు పడ్డాయా, భయపడాల్సిందే. ఒక పక్క నున్నగా ఉండిపోయిందా, భయం కొంత తగ్గుతుంది. వింటే తిరకాసుగా ఉంటుంది గానీ, ముఖం సగం మొత్తం చచ్చుబడిన మనిషి కంటే మూతి ఒక్కటే జారిన మనిషికే ప్రాణగండం ఎక్కువ.

కారణమంతా వైరింగులో ఉంది. మెదడు పైపొర సబ్‌స్టేషన్ అనుకోండి. మెదడు కాండంలో పాన్స్ అనే చోట ఉన్న కణాల గుంపు ట్రాన్స్‌ఫార్మర్. అక్కడి నుంచి ముఖ కండరాలకు వచ్చే ఏడో కపాల నరం, అంటే ఫేషియల్ నర్వ్, సర్వీసు వైరు. మూతికీ కింది బుగ్గకూ సరఫరా దాదాపుగా ఒకే ఫీడరు మీద వస్తుంది, అదీ అవతలి పక్క సబ్‌స్టేషన్ నుంచి. నుదుటికి మాత్రం కుడి ఎడమ సబ్‌స్టేషన్లు రెండూ లైన్లు ఇస్తాయి. ఎడమ మెదడులో రక్తనాళం పూడుకుపోతే కుడి మూతికున్న ఒక్క ఫీడరూ పోయి మూతి జారుతుంది. కుడి నుదుటికి కుడి మెదడు నుంచి వచ్చే లైను బాగానే ఉంది కాబట్టి ముడతలు పడతాయి. సర్వీసు వైరే దెబ్బతింటే మాత్రం సబ్‌స్టేషన్లు ఎన్ని ఉండీ లాభం లేదు. నుదురు, కన్ను, బుగ్గ, మూతి కలిసి ఆరిపోతాయి. వేరే కారణమేదీ దొరకకుండా ఇలా జరిగితే దాన్ని బెల్స్ పాల్సీ అంటారు. 1821లో ఈ నరం గురించి రాసిన స్కాట్లాండ్ వైద్యుడు చార్లెస్ బెల్ పేరు మీద వచ్చిన మాట అది.

ఇంకో దొంగ లైను కూడా ఉంది. అడిగితే నవ్వే నవ్వూ, తన్నుకొచ్చే నవ్వూ మెదడులో ఒకే దారిన రావు. మెదడు దెబ్బతిన్న రోగిని పళ్ళు చూపించమంటే మూతి వంకర పోతుంది. అదే మనిషి మనవడి అల్లరికి నవ్వినప్పుడు కొందరిలో రెండు పక్కలూ సమానంగా కదులుతాయి. నరమే పోయిన మనిషికి ఏ నవ్వైనా వంకరే.

వైద్య విద్యార్థులు 'అప్పర్ మోటార్ (ట్రాన్స్‌ఫార్మర్‌కి పైనున్న లైను జబ్బు), లోయర్ మోటార్ (ట్రాన్స్‌ఫార్మర్ లేదా సర్వీసు వైరు జబ్బు)' అని పట్టిక బట్టీపట్టి, తీరా రోగి ఎదుట జబ్బు ఏ పక్కనో తారుమారు చేస్తారు. ఇంట్లోవాళ్ళూ అంతే. మూతి ఎటు లాగితే అటు జబ్బు అనుకుంటారు. లాగేది బాగున్న పక్క కండరం. ముక్కు పక్క గీత చెరిగిపోయి, కన్ను పూర్తిగా మూసుకోనిదే జబ్బు పక్క. మూయబోతే తెల్లగుడ్డు కనిపిస్తూ నల్లగుడ్డు పైకి పోతుంది. దాన్ని చూసి గాలి సోకిందని హడలిపోతారు. కళ్ళు మూసినప్పుడు గుడ్డు పైకి పోవడం చాలామందికి మామూలే, రెప్ప పడదు కాబట్టి ఇక్కడ బయటపడుతుంది.

ఈ నరం చెవి వెనక ఎముకలో సుమారు 3 సెంటీమీటర్ల సొరంగంలో నడుస్తుంది. సొరంగం ఇరుకైన చోట మిల్లీమీటరు వెడల్పు కూడా ఉండదు. నరం వాచిందంటే జరగడానికి చోటు లేక నలిగిపోతుంది. వాపుకి హెర్పిస్ వైరస్ మీద అనుమానం ఎక్కువ. బస్సు కిటికీ గాలి మీద వేసే నిందకు గట్టి ఆధారం లేదు. దారిలోనే కన్నీటికి, చెవిలోని బుల్లి కండరానికి, నాలుక ముందు భాగం రుచికి కొమ్మలు విడిపోతాయి. అందుకే కొందరికి కన్ను పొడిబారుతుంది, స్టీలు గిన్నె కిందపడితే చెవి చిల్లుపడ్డట్టుంటుంది, కూరలో ఉప్పు తెలియదు. చెవి వెనక నొప్పి ఒకటి రెండు రోజులు ముందే రావచ్చు.

నుదురు సూత్రం తప్పే చోట్లున్నాయి. పక్షవాతం (స్ట్రోకు) పాన్స్‌లోనే వస్తే ట్రాన్స్‌ఫార్మరే కాలిపోయినట్టు, ఆ పక్క ముఖం మొత్తం పోతుంది. అప్పుడు చూపు ఒకటి రెండుగా కనిపించడమో, అవతలి పక్క చెయ్యి కాలు పట్టు తప్పడమో సాధారణంగా తోడుంటుంది. అందుకని నుదురు ఎలా ఉన్నా చెయ్యి వాలినా, మాట ముద్దగా వచ్చినా, నడక తూలినా పరీక్షలు ఆపి 108కి ఫోన్ చేయాలి. మెదడు రక్తనాళంలోని రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షనుకి సాధారణంగా 4.5 గంటలే గడువు. అదీ ఇంట్లోవాళ్ళు గమనించిన క్షణం నుంచి కాదు, మనిషి బాగుండగా చివరిసారి చూసిన సమయం నుంచి లెక్క. నీళ్ళు తాగిస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. స్కాన్ కాకుండా ఆస్పిరిన్ వేస్తే, లోపల రక్తస్రావమే అయివుంటే పెరుగుతుంది. బీపీ దించుదామని సొంతంగా మాత్ర ఇచ్చినా మెదడుకి చేరే ఆ కాస్త రక్తమూ తగ్గుతుంది.

చెవిలో నీటిపొక్కులుంటే రామ్సే హంట్ జబ్బు, వైరస్ మందు కూడా కావాలి. వారాల తరబడి మెల్లగా పెరిగే వంకర బెల్స్ పాల్సీ కాదు, కణితి కోసం వెతకాలి. రెండు పక్కలూ పోతే గిలాన్ బారే (ఒంటి రక్షణ వ్యవస్థే నరాల మీద దాడిచేసే జబ్బు), కుష్ఠు వంటివి గుర్తురావాలి.

బెల్స్ పాల్సీకి అసలు మందు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, 72 గంటల్లోపు మొదలవ్వాలి. 2007లో వెలువడిన స్కాట్లాండ్ ఔషధ పరీక్షలో ఈ మందుని 25 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, 10 రోజులు ఇచ్చారు. తొమ్మిది నెలలకి కోలుకున్నవాళ్ళు 94 శాతం, ఆ మందు వాడనివాళ్ళలో 82 శాతం. షుగరు ఉన్నవాళ్ళకి ఇది షుగరు పెంచుతుంది కాబట్టి డాక్టరు కనిపెట్టి ఉండాలి. ఏ వైద్యమూ లేకున్నా పదిమందిలో ఏడుగురు దానంతటదే బాగవుతారు. పసరు పోసేవాళ్ళకూ, పావురం రక్తం రాసేవాళ్ళకూ పేరు తెచ్చేది ఆ ఏడుగురే.

మందు కన్నా ముందు కన్ను. మూయని కన్ను ఎండి నల్లగుడ్డు మీద పుండు పడితే, మూతి బాగయ్యాక కూడా చూపు తిరిగి రాకపోవచ్చు. పగలు గంటకో రెండు గంటలకో కృత్రిమ కన్నీటి చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ వేసి రెప్పని టేపుతో మూయాలి. దూది కంటికి తగలకూడదు.

చాలామందిలో మూడు వారాల్లో కదలిక మొదలవుతుంది. నాలుగు నెలలైనా కాకపోతే జబ్బు పేరునే మళ్ళీ అనుమానించాలి. తెగిన తీగలు పెరిగేటప్పుడు ఒకదానికి బదులు ఇంకొకటి కలిస్తే, నవ్వినప్పుడు కన్ను మూసుకుంటుంది. లాలాజలానికి పోవాల్సిన తీగ కన్నీటి గ్రంథికి చేరితే అన్నం తింటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. వీటికి బొటాక్స్ ఇంజెక్షన్లు, మొదటిదానికి అద్దం ముందు నెమ్మదిగా చేసే ముఖ వ్యాయామాలు కూడా పనిచేస్తాయి. ముఖానికి కరెంటు పెట్టే చికిత్స జోరుగా సాగుతోంది గానీ, దానివల్ల నరం త్వరగా కోలుకుంటుందనడానికి గట్టి రుజువు లేదు.