బోటులో సీవో అలారం ఉంటే ఇక భయం లేదా?

వేసవి మొదలైతే చాలు, నాకు ఫోన్లు వస్తాయి. మూడు నాలుగు తెలుగు కుటుంబాలు కలిసి అమెరికాలోని లేక్ పావెల్ సరస్సు లాంటి చోట హౌస్‌బోట్ అద్దెకు తీసుకుంటాయి. నేను బోట్ల ఎలక్ట్రికల్ పని చేస్తానని తెలుసు కాబట్టి అడుగుతారు: "అన్నా, లోపల సీవో అలారం ఉందట. ఇంక టెన్షన్ లేదుగా?" సీవో అంటే కార్బన్ మోనాక్సైడ్, ఇంజిన్, జెనరేటర్ పొగలో ఉండే వాసన లేని విషవాయువు.

లోపల పడుకునేవాళ్ల వరకు సరే. వెనక నీళ్లలో ఆడే పిల్లల సంగతి ఆ అలారానికి ఏం తెలుస్తుంది?

అపోహ: ఆరుబయట అంత గాలి ఉండగా సీవో ఏం చేస్తుంది?

చంపుతుంది. 2000 ఆగస్టులో అదే లేక్ పావెల్‌లో 8, 11 ఏళ్ల అన్నదమ్ములు ఇలాగే పోయారు. హౌస్‌బోట్ వెనక స్విమ్ ప్లాట్‌ఫామ్ కింద ఒక ఖాళీ ఉండేది. జెనరేటర్ పొగ సరిగ్గా అందులోకే వచ్చేది. పిల్లలు ఈదుతూ దాని కిందికి వెళ్లారు. గాలిలో సీవో 1,200 పీపీఎం (పది లక్షల పాళ్లలో 1,200 పాళ్లు) ఉంటే చాలు, ప్రాణానికి తక్షణ ప్రమాదమని అమెరికా పరిశోధన సంస్థ నియోష్ లెక్క. తర్వాత అలాంటి బోట్ల కింద కొలిస్తే అంకెలు దాన్ని ఎన్నో రెట్లు దాటాయి. మరుసటి ఏడాది కోస్ట్ గార్డ్ జోక్యంతో ఆ తరహా బోట్లను వెనక్కి పిలిపించి మార్పించారు. పొగ గొట్టం పైకప్పు దాటి పైకి పోయేలా పెడితే ప్రమాదం బాగా తగ్గుతుంది. బోటు తీసుకునేటప్పుడు ఆ గొట్టం ఎక్కడ తేలుతుందో అడగండి.

చిన్న స్కీ బోట్లకు గదే ఉండదు, అలారం కూడా ఉండదు. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా వెనక ప్లాట్‌ఫామ్ పట్టుకుని కబుర్లు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నేలమీద స్పృహ తప్పితే పక్కవాళ్లు లేపుతారు. నీళ్లలో తప్పితే అరుపు కూడా ఉండదు. ఈత బాగా వచ్చినవాడు ఎలా మునిగాడో అర్థంకాక అందరూ తల పట్టుకుంటారు.

ఒకసారి ఆల్టర్నేటర్ చూడమంటే చేతి మీటరుతో ఒక హౌస్‌బోట్ ఎక్కాను. లోపల ఎలక్ట్రిక్ కుక్కర్ మీద బిర్యానీ, అందుకని జెనరేటర్ ఆన్. వెనక నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న కుర్రాడు తలనొప్పి అంటున్నాడు. ఎండదెబ్బని వాళ్లమ్మ మజ్జిగ ఇచ్చింది, ఎవరో అవోమిన్ కూడా తెచ్చారు. వాడి పక్కకు మీటరు తీసుకెళ్లగానే అది కేకలు పెట్టింది. జెనరేటర్ ఆపించి, కుర్రాణ్ని ముందు వైపుకు తెచ్చి, ఆసుపత్రికి పంపాం. వాడు బాగానే ఉన్నాడు. "వాసనే రాలేదు కదా నాయనా" అంది వాళ్ల అమ్మమ్మ. తలుపులు మూసి కుంపటి పెట్టుకుని పడుకుంటే జరిగేదే ఇదీ అన్నాను. ఇంజినీర్లయిన అల్లుళ్లకంటే ఆవిడకే ముందు అర్థమైంది.

నీళ్లలో ఒక్కరున్నా ఇంజిన్, జెనరేటర్ రెండూ ఆపాలి. ఏసీ ఆగుతుంది, కుక్కర్ ఆగుతుంది. ఆగనివ్వండి.

అపోహ: బోటు నడుస్తుంటే పొగ వెనక్కే పోతుంది.

పల్లెవెలుగు బస్సులో చివరి సీటులో కూర్చున్నవాళ్లకు ఈ జవాబు తెలుసు. బస్సు లేపిన దుమ్ము బస్సులోకే వస్తుంది. ముందు వైపు కిటికీలు తెరవండి, వెనక పరదా ఒక్కటే తెరిచి నడపకండి.

అపోహ: అలారం ఊరికే మోగుతోంది, బ్యాటరీ తీసేద్దాం.

ఇళ్లలో, బోట్లలో వాడే అమెరికన్ అలారాలు ఎంత సీవో, ఎంతసేపు అని చూసి మోగుతాయి. 70 పీపీఎం అయితే గంట నుంచి 4 గంటలు పడుతుంది. 400 అయితే 4 నుంచి 15 నిమిషాలు. అంటే అది మోగేసరికే మీరు కొంత పీల్చేశారు. మీ జెనరేటర్ ఆపి ఉన్నా, పక్కన కట్టేసిన బోటుది నడుస్తూ ఉండొచ్చు. ముందు అందరూ బయటికి రండి, కారణం తర్వాత వెతకొచ్చు. టెస్ట్ బటన్ నొక్కితే కూత పెడుతుందా, కరెంటు అందుతోందా అన్నదే తెలుస్తుంది. సెన్సర్ బతికుందో లేదో తెలియదు. వెనక ముద్రించిన గడువు చూడండి.

మిగిలినవి. డీజిల్‌కు సీవో తక్కువ, సున్నా కాదు. నేలకు దిగేది వంటగ్యాసు; సీవో గాలిలో కలిసిపోతుంది, కాబట్టి అలారం పడుకునే చోట కావాలి. పొగ అలారం సీవోను పట్టదు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటే చాలన్న వాట్సాప్ సందేశాన్ని దయచేసి నాకు పంపకండి.

కోవిడ్ తర్వాత అందరి సంచుల్లో ఆక్సీమీటర్ ఉంటోంది. వేలికి పెట్టి "98 ఉంది, ఏం కాలేదు" అంటారు. ఆ పరికరం సీవో పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా ఆక్సిజన్ పట్టిన దానిగానే చదువుతుంది. తలనొప్పి, వాంతి, మత్తు ఉంటే 911కు ఫోన్ చేసి, జెనరేటర్ దగ్గర ఉన్నామని చెప్పండి. రక్తంలో సీవో ఎంతుందో పరీక్ష చేయమని డాక్టరును మీరే అడగండి.