నల్లమల నుదుటి మీద చెయ్యి

గుంటూరు

చి. లహరికి, చి. సాత్విక్‌కి తాతయ్య ఆశీస్సులు.

లహరీ, నువ్వు ఫోన్లో పంపిన మ్యాపు చూశాను. నల్లమల మీద గుంపులుగా ఎర్రచుక్కలు. "అడవంతా తగలబడిపోతోందా తాతయ్యా? పైనుంచి ఎవరు చూసి చెబుతున్నారు?" అని అడిగావు. ఫోన్లో చెప్పబోతే మీ నాన్న మధ్యలో లాక్కుంటాడు. అందుకే రాస్తున్నాను. ముందు టెన్షన్ పడకు, అడవంతా కాలడం లేదు.

వేసవిలో పిల్లలందరినీ డాబా మీద వరసగా పడుకోబెట్టే రోజులు మీరు చూడలేదు. అర్ధరాత్రి మా అమ్మ ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక్కో నుదురూ తడుముకుంటూ వచ్చేది. లాంతరు అక్కర్లేదు, ఎవడికి జ్వరమో చేతికే తెలిసిపోయేది. ఉపగ్రహం పని కూడా ఇదే. 800 కిలోమీటర్లకు పైన తిరుగుతూ, నేలను చిన్న చిన్న గడులుగా విడదీసి, వరసలు వరసలుగా చూసుకుంటూ పోతుంది. వేడి వస్తువులు వదిలే పరారుణ కిరణాలు మన కంటికి కనపడవు, దానికి కనపడతాయి. అందుకే దానికి పగలైనా రాత్రైనా ఒకటే.

మరి మే నెలలో రెంటచింతల నేలంతా పెనంలా కాలుతుంది కదా, అదంతా మంటేనా? కాదు. ఎండలో ఆడి వచ్చిన పిల్లాడి నుదురు కూడా కాలుతుంది. అమ్మ ఏం చేసేదంటే, పక్కవాడి నుదురు కూడా చూసేది. అందరిదీ వేడిగా ఉంటే ఎండ, ఒక్కడిదే అయితే జ్వరం. ఉపగ్రహం లెక్క కూడా ప్రతి గడినీ చుట్టుపక్కల గడులతో పోల్చి చూడటమే. అమ్మ అరచేత్తో చూశాక చెయ్యి తిరగేసి వెనకవైపుతో మళ్ళీ చూసేది. ఉపగ్రహానికి కూడా రెండు చూపులున్నాయి. ఒకటి 4 మైక్రాన్ల దగ్గర (మైక్రాన్ అంటే మీటరులో పదిలక్షో వంతు, కిరణాల అల పొడవును అందులో కొలుస్తారు), మంట కాస్త ఉన్నా ఉలిక్కిపడుతుంది. రెండోది 11 మైక్రాన్ల దగ్గర, అది మామూలు నేల వేడిని పట్టుకుంటుంది, చిన్న మంటకు పెద్దగా కదలదు. మొదటిది ఎగిరిపడి రెండోది నింపాదిగా ఉందంటే, ఆ గడిలో ఎక్కడో నిప్పుంది.

ఆ 'ఎక్కడో' దగ్గరే నీ ప్రశ్నకు జవాబుంది. ఇప్పుడు వాడే విర్స్ అనే పరికరానికి ఒక గడి ఒక్కో వైపు 375 మీటర్లు, మన లెక్కలో సుమారు 35 ఎకరాలు. అందులో ఒక మూల అరెకరం మండినా చుక్క గడి నడిమధ్యే పడుతుంది. 1999 చివర్లో వెళ్ళిన టెర్రా ఉపగ్రహంలోని మోడిస్ అనే పరికరానికైతే గడి ఒక్కో వైపు ఒక కిలోమీటరు, అంటే దాదాపు 250 ఎకరాలు. కాబట్టి చుక్కలు లెక్కపెట్టి ఎకరాలు చెప్పేవాళ్ళ మాట నమ్మకు.

అమ్మ రాత్రంతా మేలుకుని ఉండదుగా. విర్స్ ఉన్న ఉపగ్రహాలు మన మీదుగా వెళ్ళేది మధ్యాహ్నం ఒంటిగంటన్నర, రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో. మన గుంటూరు రైతు సాయంత్రం అయిదింటికి మిరప కట్టె అంటిస్తే ఆరింటికి బూడిద. చుక్క పడదు. మబ్బు పట్టినా అంతే, దుప్పటి ముసుగేసుకున్నవాడి నుదురు దొరకదు. కొందరికి జ్వరం లేకపోయినా ఒళ్ళు ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది. ఉక్కు ఫ్యాక్టరీలు, చమురు బావుల దగ్గర రాత్రింబవళ్ళు మండే గ్యాస్ అలాంటివి, వాటిని వేరే గుర్తు పెట్టుకోవాలి. ఇక కాలిపోయిన నేల కొలవాలంటే జ్వరం కాదు, అమ్మవారు తగ్గాక మిగిలే మచ్చలు చూడాలి. అది ల్యాండ్‌శాట్, సెంటినెల్ లాంటి నిశితమైన కళ్ళున్న ఉపగ్రహాల పని. పచ్చటి ఆకు ఒక రకం పరారుణ కాంతిని బాగా తిప్పికొడుతుంది, మసి తిప్పికొట్టదు. పోలిక సాగదీశానంటావా? సాగనీ.

మాచర్ల అవతల, నల్లమల అంచున మా మేనమామ ఊరు. ఫాల్గుణంలో ఆకు రాలి అడవి గలగలలాడేది. రాత్రిళ్ళు కొండ మీద మంట వంకరగా పాకుతుంటే అరుగు మీద కూర్చుని చూసేవాళ్ళం, సిగ్గులేకుండా సంబరపడుతూ. మంట సంగతి ఊళ్ళోకి తెచ్చేది పశువుల కాపరే. అతను నడిచొచ్చేసరికి సగం కొండ నల్లబడేది. మావయ్యా వాళ్ళూ పచ్చి కొమ్మలు విరుచుకుని మంటను బాదేవాళ్ళు. గాలి ఎదురుగా ఉంటే ముందుగానే ఆకు ఊడ్చి, అటునుంచి ఎదురుమంట పెట్టేవాళ్ళు.

ఇప్పుడు ఆ కబురు ఫోనుకే వస్తుంది. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2004 నుంచి ఉపగ్రహాల సమాచారంతో అడవి శాఖలకు హెచ్చరికలు పంపుతోంది. మెసేజ్ అందాక కొండ ఎక్కేది మాత్రం అడవి కాసే వాచరే. ఈ రోజుకీ కొమ్మలే, కొన్నిచోట్ల ఆకు ఊదే బ్లోయర్లు వచ్చాయి. ఈ మంటల్లో ఎక్కువ భాగం మనుషుల చేతి నుంచి పుట్టినవే. కొత్త గడ్డి రావాలని ఒకరు, ఇప్పపువ్వు ఏరుకోవడానికి కింద శుభ్రంగా ఉండాలని ఇంకొకరు, బీడీ ముక్క విసిరేసి మరొకరు. శ్రీశైలం దారిలో వండుకుని తిని, పొయ్యి ఆర్పకుండా బస్సెక్కేవాళ్ళను నేను చాలాసార్లు చూశాను. నువ్వెక్కడున్నా నీళ్ళు పోసి, చేత్తో తడిమి చూశాకే కదలాలి. మీ నాన్నకు కూడా చెప్పు.

నాసా వాళ్ళ ఫర్మ్స్ అనే మంటల మ్యాపు ఎవరైనా చూడొచ్చు, ఉపగ్రహం దాటిన మూడు గంటల్లో చుక్కలు వస్తాయి. నల్లమలలో ఒక గుంపు ఎంచుకుని రోజూ ఉదయం చూస్తూ ఉండు, అది ఎటు జరుగుతోందో నోటుబుక్కులో గీసిపెట్టుకో. ఆగిపోయాక అదే చోట సెంటినెల్ బొమ్మలో మసి మచ్చ వెతుకు. ఆలస్యం చేస్తే వాన పడి గడ్డి మొలుస్తుంది, దొరకదు. సాత్విక్‌ని కూడా పక్కన కూర్చోబెట్టుకో, రంగుల్లో తేడాలు వాడికి బాగా తెలుస్తాయి. మచ్చ ఎన్ని గడుల్లో ఉందో, చుక్కలు ఎన్ని పడ్డాయో రెండూ రాసి పంపండి.

మీ
తాతయ్య