కార్ల్ బాస్‌ను పక్కన పెట్టిన మార్చి: ఆండర్సన్ కథలో అసలు మలుపు

ఆడిట్ సంస్థ మీద వేటు పడబోతోందన్న వార్త వచ్చిన ప్రతిసారీ ఒకటే వాదన మొదలవుతుంది. తప్పు చేసింది సంతకం పెట్టిన పార్ట్‌నర్ అయితే సంస్థ మొత్తాన్ని ఎందుకు శిక్షించాలి? ఆ వెంటనే అమెరికా ఆడిట్ సంస్థ ఆర్థర్ ఆండర్సన్ పేరు బయటికొస్తుంది. దాని క్లయింట్ అయిన ఇంధన కంపెనీ ఎన్‌రాన్ కాగితాలు హ్యూస్టన్ ఆఫీసులో ఎవరో కొందరు ముక్కలు చేశారట, ప్రభుత్వం సంస్థ మీదే కేసు పెట్టిందట, 85 వేల మంది పనిచేసే సంస్థ మూతపడిందట, తీరా చూస్తే అమెరికా సుప్రీంకోర్టు నిర్దోషి అని తేల్చిందట. ఇందులో చివరి ముక్క తప్పు. మొదటిది సగమే నిజం.

ఎన్‌రాన్ నష్టాలను, అప్పులను పక్క కంపెనీల్లో ఎలా దాచిందో మళ్లీ చెప్పనక్కర్లేదు. ఆండర్సన్ కథను మాత్రం అందరూ 2001 అక్టోబర్ నుంచి ఎత్తుకుంటారు. ఇంకో ఎనిమిది నెలలు వెనక్కి వెళ్లాలి.

2001 ఫిబ్రవరి 5న ఆండర్సన్ పార్ట్‌నర్లు 14 మంది ఒక మీటింగ్‌లో పాల్గొన్నారు. ఎన్‌రాన్‌ను క్లయింట్‌గా ఉంచుకోవాలా, వదిలేయాలా అన్నదే ప్రశ్న. అంటే అనుమానం హ్యూస్టన్ గది దాటి పైదాకా వెళ్లింది. మర్నాటి మెయిల్‌లో ఆ చర్చ సారాంశం ఉంది. ఎన్‌రాన్ ఫీజు ఏడాదికి 10 కోట్ల డాలర్లకు చేరినా ఆశ్చర్యం లేదని అందులో రాసుకున్నారు. 2000లో వచ్చింది 5.2 కోట్లు. అందులో ఆడిట్‌కు 2.5 కోట్లయితే, సలహాలూ ఇతర పనులకు 2.7 కోట్లు. క్లయింట్‌ను ఉంచుకుందామనే నిర్ణయించారు.

ఇక కార్ల్ బాస్. ఆండర్సన్‌లో వృత్తి ప్రమాణాల బృందం ఒకటుండేది. కింద ఆడిటర్లకు లెక్కల్లో పీటముడి పడితే విప్పమని అడిగేది ఆ బృందాన్నే. బాస్ అందులో పార్ట్‌నర్. ఎన్‌రాన్ పక్క కంపెనీల లెక్కలు ఇలా చూపడం కుదరదని 1999 నుంచీ చెబుతూ వచ్చాడు. ఎన్‌రాన్ ఆడిట్ చేసే హ్యూస్టన్ టీమ్ ఆయన మాటను పక్కన పెట్టింది. ఆయన ఒప్పుకోని చోట కూడా ఒప్పుకున్నట్టు ఫైళ్లలో నోట్లు ఉన్నాయని తర్వాత బయటపడింది. ఆయన తీరు ఎన్‌రాన్‌కు నచ్చలేదు, ఫిర్యాదు చేసింది. 2001 మార్చిలో ఆండర్సన్ ఆయన్ని ఎన్‌రాన్ వ్యవహారాల నుంచి తప్పించింది. లెక్క అప్పజెప్పాల్సినవాడు అడిగితే, లెక్క అడిగేవాణ్ని మార్చేశారన్నమాట. ఇది ఒక పార్ట్‌నర్ చాటుమాటుగా చేయగలిగిన పనేనా?

అదే ఏడాది జూన్‌లో వేస్ట్ మేనేజ్‌మెంట్ అనే మరో క్లయింట్ తప్పుడు లెక్కల కేసులో ఆండర్సన్ 70 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. ఇకపై ఇలాంటి ఉల్లంఘన జరగకూడదని కోర్టు ఉత్తర్వు కూడా ఉంది. సంస్థకు హెచ్చరిక అందనే లేదని అనడానికి వీల్లేదు.

ఆ తర్వాతే అక్టోబర్. 12న ఆండర్సన్ లాయర్ నాన్సీ టెంపుల్ ఒక మెయిల్ పెట్టారు. ఏ కాగితాలు ఉంచాలి, ఏవి పారేయాలి అన్న సంస్థ విధానాన్ని టీమ్‌కు ఒకసారి గుర్తు చేస్తే మంచిదని దాని సారాంశం. చదివితే మామూలు ఆఫీసు మెయిల్‌లాగే ఉంటుంది. 16న ఎన్‌రాన్ 61.8 కోట్ల డాలర్ల నష్టం ప్రకటించింది. ఆ ప్రకటనలోని ఒక మాట తప్పుదోవ పట్టించేలా ఉందని తాము ముందే చెప్పినట్టు హ్యూస్టన్ పార్ట్‌నర్ డేవిడ్ డంకన్ ఒక మెమో రాసుకున్నాడు. ఆ భాగాన్ని మార్చమనీ, తన పేరు తీసేయమనీ టెంపుల్ మెయిల్‌లో సూచించారు. 23 నుంచి ష్రెడ్డర్లు జోరుగా తిరిగాయి. నవంబర్ 8న అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ నుంచి సమన్లు వచ్చేదాకా ఆగలేదు.

విచిత్రమేమిటంటే, పది రోజులు తర్జనభర్జన పడి 2002 జూన్ 15న జ్యూరీ ఆండర్సన్‌ను విచారణకు అడ్డుపడిన నేరంలో దోషి అని తేల్చింది ముక్కలైన కాగితాలను చూసి కాదు. మెమో మార్చమన్న ఆ మెయిల్ చూసి అని జ్యూరీ సభ్యులే చెప్పారు.

ఉద్యోగుల బాధ నిజమే. ‘ఐ యామ్ ఆండర్సన్’ అని టీషర్టులు వేసుకుని వీధుల్లోకి వచ్చినవాళ్లలో చాలామంది ఎన్‌రాన్ ఫైలు కన్నెత్తి చూసినవాళ్లు కూడా కాదు. కానీ సంస్థను కేసే చంపిందన్న మాట అలా ఉంచి తేదీలు చూడండి. నేరాభియోగం బయటికొచ్చింది 2002 మార్చి 14న. మెర్క్, డెల్టా ఎయిర్‌లైన్స్ లాంటి పెద్ద క్లయింట్లు అంతకుముందే వెళ్లిపోయాయి. ఆడిటర్ అమ్మేది సంతకం మీది నమ్మకమే కదా. ఆగస్టు 31న అమెరికాలో ఆడిట్ లైసెన్సులు అప్పగించడంతో ఆ కథ ముగిసింది.

2005 మే 31న సుప్రీంకోర్టు 9-0తో ఆ తీర్పును కొట్టేసింది. జ్యూరీకి ట్రయల్ జడ్జి ఇచ్చిన సూచనలు తప్పని చెప్పింది. తప్పు చేస్తున్నామన్న స్పృహ ఉందో లేదో చూడకుండానే దోషి అనేలా అవి ఉన్నాయంది. ఆండర్సన్ ఏ తప్పూ చేయలేదని మాత్రం అనలేదు.

మన దగ్గర సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం విషయంలో దారి వేరు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ కోర్టు, సత్యం ఆడిట్ సంస్థ ప్రైస్ వాటర్‌హౌస్‌కు చెందిన ఇద్దరు ఆడిటర్లను దోషులుగా తేల్చింది. వారి శిక్ష అమలును పై కోర్టు నిలిపేసింది. సంస్థ మీద 2018లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన రెండేళ్ల నిషేధాన్ని 2019లో అప్పీళ్ల ట్రిబ్యునల్ సాట్ కొట్టేసింది. అంటే ‘సంస్థను వదలండి’ అనే వాదనే నెగ్గింది. అయితే 2011లోనే అమెరికా నియంత్రణ సంస్థలు ఇదే ప్రైస్ వాటర్‌హౌస్ ఇండియా సంస్థలకు 75 లక్షల డాలర్ల జరిమానా వేశాయి. బ్యాంకులో డబ్బు ఉందో లేదో ఆడిటరే నేరుగా బ్యాంకుకు ఉత్తరం రాసి తెలుసుకోవాలి. ఆ పనిని సత్యం యాజమాన్యానికే వదిలేశారు. ఈ అలవాటు సత్యం ఫైలు ఒక్కదానిదే కాదని ఆ ఉత్తర్వుల్లో ఉంది.