బోర్లు ఎండింది 2014లో, ప్లాను రాసింది 1971లో

2014 వేసవిలో కాలిఫోర్నియాలోని ఈస్ట్ పోర్టర్‌విల్‌లో ఇళ్ల బోర్లు వందల సంఖ్యలో ఎండిపోయాయి. ఏడు వేల మంది దాకా ఉండే ఊరు. ఇళ్ల ముందు ట్యాంకులు పెట్టి ట్యాంకర్లతో నింపారు, తాగడానికి సీసా నీళ్లు పంచారు, చర్చి ఆవరణలో జనం స్నానాలకు తాత్కాలిక గదులు ఏర్పాటు చేశారు. ఆనుకునే ఉన్న పోర్టర్‌విల్ నగరంలో మాత్రం కుళాయిలు ఆగలేదు.

కరువు నిజమే. 2012లో మొదలై 2016 దాకా సాగింది. ఎండలు ముదిరి, సియెర్రా కొండల మీద మంచు పేరుకోవడమే తగ్గింది. 2015 ఏప్రిల్ నాటికి అక్కడున్న మంచు మామూలులో 5 శాతమే. 2014, 2015ల్లో కొండల నీటిని పొలాలకు తెచ్చే ఫ్రయంట్-కెర్న్ కాలువ రైతులకు కేటాయింపు సున్నా. దాంతో అందరూ భూమిలోకే దిగారు. బాదం తోటల బోర్లు వెయ్యి అడుగులు దాటి వెళ్లగలవు. కూలీల ఇళ్ల బోర్లకు అంత లోతు లేదు, ఇంకా దించడానికి వాళ్ల దగ్గర డబ్బూ లేదు. తోటలు తోడేకొద్దీ నీటిమట్టం కిందికి జారింది, ఇళ్ల మోటార్లు ఖాళీగా తిరిగాయి.

అయితే ఆ ఇళ్లకు సొంత బోరు తప్ప మరో దారి ఎందుకు లేదన్నది వాన లెక్కలతో తేలే ప్రశ్న కాదు. ఈస్ట్ పోర్టర్‌విల్ ఏ నగరపాలక పరిధిలోనూ లేదు. అది ఉన్న టులేరీ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఇలాంటి ఊళ్లు చాలా ఉన్నాయి. వాటికి మేయరు ఉండడు, మున్సిపాలిటీ ఉండదు. రోడ్డయినా పైపయినా కౌంటీయే చూడాలి. ఆ కౌంటీ 1971లో చేసిన జనరల్ ప్లానులో, అంటే ఎక్కడ ఏది ఎలా పెరగాలో చెప్పే దీర్ఘకాలిక ప్రణాళికలో, డజనుకు పైగా ఊళ్లను భవిష్యత్తు లేనివిగా లెక్కగట్టింది. నీటి సరఫరా, మురుగు కాలువలు ఇవ్వకపోతే జనం తమంతట తామే ఖాళీ చేసి పోతారని అందులో రాసింది. ఇది చాటుగా అనుకున్న మాట కాదు, బాహాటంగా ఆమోదించిన విధానం. జనం మాత్రం ఎక్కడికీ పోలేదు. పంట కోసేది వాళ్లే మరి.

ఈ కథ వేళ్లు ఇంకా వెనక్కి పోతాయి. బానిసగా పుట్టి సైన్యంలో లెఫ్టినెంట్ కర్నల్‌గా రిటైరైన అలెన్ అలెన్స్‌వర్త్, నల్లజాతి వాళ్లు తమను తాము పాలించుకునే ఊరు కావాలని 1908లో ఇదే కౌంటీలో అలెన్స్‌వర్త్‌కు పునాది వేశాడు. భూమి అమ్మిన కంపెనీ చాలినన్ని నీళ్లిస్తానని మాటిచ్చి తప్పింది. 1914లో ఆయన పోయాడు, రైల్వే వాళ్లు కొత్త లైను పక్క ఊరికి వేసుకున్నారు. తర్వాత బావుల్లో ఆర్సెనిక్ అనే విషం బయటపడింది. మాథెనీ ట్రాక్ట్ కథా దాదాపు అంతే. టులేరీ నగరంలో స్థలం కొనుక్కోనివ్వని నల్లజాతి కుటుంబాలు శివార్లలో కట్టుకున్న ఊరది. ఇప్పుడు ఈ ఊళ్లలో ఎక్కువగా ఉన్నది మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలు.

అన్నిటికన్నా నన్ను తొలిచేది టూల్‌విల్. ఎనభై ఇళ్ల ఊరు, 1971 జాబితాలోదే. పక్కనే ఫ్రయంట్-కెర్న్ కాలువ నిండుగా పారుతుంటుంది, అందులో వీళ్లకు చుక్క హక్కు లేదు. బావుల్లో నైట్రేట్, క్రోమియం కాలుష్యం. మైలు కూడా దూరం లేని ఎక్సెటర్ నగరాన్ని పైపు కలపమని ఏళ్ల తరబడి అడిగారు. 2019లోనూ నగరం కాదంది. రాష్ట్రం ఒత్తిడి చేశాకే ఒప్పుకుంది.

నగరాన్ని అలా ఒత్తిడి చేసే అధికారం రాష్ట్రానికి వచ్చిందే కరువు వల్ల. తాగునీరు మనిషి హక్కని 2012లోనే చట్టం చేశారు గానీ దానితో ఒక్క పైపూ పడలేదు. భూగర్భ జలాలకు రాష్ట్రమంతటికీ చట్టం 2014 దాకా రాలేదు. (ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వాల్టా చట్టం 2002లోనే వచ్చింది, అమలు సంగతి వేరే.) 2015లో, పక్క ఊరిని కలుపుకోమని నగరాన్ని ఆదేశించే అధికారం రాష్ట్ర జల మండలికి ఇచ్చారు. దాన్ని మొదట వాడింది మాథెనీ ట్రాక్ట్ కోసమే. ఈస్ట్ పోర్టర్‌విల్‌లో 2018కల్లా 750కి పైగా ఇళ్లు నగరం పైపులకు కలిశాయి.

2016లో వచ్చిన మరో చట్టం, పేద ఊళ్లున్న కౌంటీలు జనరల్ ప్లాను సవరించేటప్పుడు పర్యావరణ న్యాయాన్ని, అంటే కాలుష్యం భారం పేదల మీదే పడకుండా చూడటాన్ని, అందులో చేర్చాలంది. 2021 నాటి ఎస్‌బీ 552 చట్టం ఇంకాస్త సూటిగా పోయింది. సొంత బోర్ల మీద బతికే ఇళ్లకు, పదిహేను కనెక్షన్లు కూడా లేని చిన్న సరఫరాలకు కరువు ప్లాను కౌంటీయే తయారుచేయాలి. బోరు ఎండితే నీళ్లు ఎలా పంపుతారు, ఏ ఊరిని ఏ సరఫరాలో కలుపుతారు, డబ్బు ఎక్కడిది అన్నది అందులో ఉండాలి. అంటే 1971లో పైపు వద్దని రాసిన కౌంటీ చేతనే ఇప్పుడు పైపు ఎలా వేస్తారో రాయిస్తున్నారు.

చిక్కు ఇంకొకటుంది. భూమిలో నీటిమట్టం ఎంత దిగువకు పోవచ్చో నిర్ణయించేది 2014 చట్టం కింద ఏర్పడిన స్థానిక ఏజెన్సీలు. వాటిలో సాగునీటి జిల్లాల (రైతులకు నీళ్లు పంచే సంస్థల) మాటే ఎక్కువ చెల్లుతుంది. టూలీ, కవీయా భూగర్భ జల బేసిన్ల ప్లాన్లు తాగునీటి బావులను సరిగా పట్టించుకోలేదన్నది కూడా ఒక కారణంగా చూపి, 2023 మార్చిలో రాష్ట్రం వాటిని తోసిపుచ్చింది. ఈస్ట్ పోర్టర్‌విల్ ఉన్న టూలీ బేసిన్‌ను 2024 సెప్టెంబరులో ప్రొబేషన్‌లో, అంటే రాష్ట్రం నేరుగా పర్యవేక్షించే దశలో, పెట్టింది.