ఎయిర్ అంబులెన్స్‌కు దారి: గొడవకు మూలం 2012లో ఉంది

ఎయిర్ అంబులెన్స్‌లకు ఆకాశంలో ఎంత ప్రాధాన్యం ఇవ్వాలన్న వాదన మళ్లీ రాజుకుంది. అత్యవసర పేషెంట్ తరలింపు అని తెలిపే ‘మెడెవాక్’ అన్న మాట రేడియోలో చెప్పినా తమను క్యూలోనే ఉంచుతున్నారని ఎయిర్ అంబులెన్స్ కంపెనీలు అంటున్నాయి. పేషెంట్ లేకపోయినా ఆ మాట వాడేస్తున్నారని నేల మీది నుంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్లు, మిగతా పైలట్లు అంటున్నారు. ఇలాంటప్పుడు కథను యుద్ధభూముల నుంచి క్షతగాత్రులను మోసుకొచ్చిన హెలికాప్టర్లతో మొదలుపెట్టడం రివాజు. అది అందరికీ తెలిసిందే. ఇప్పటి గొడవకు దానితో పెద్దగా పని లేదు. చూడాల్సిన తేదీ 2012 నవంబరు 15.

ఆ రోజు నుంచి ప్రపంచమంతటా, బయలుదేరే ముందు ప్రయాణ వివరాలు రాసిచ్చే ఫ్లైట్ ప్లాన్ ఫారం మారింది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో తన 4444 నంబరు నియమావళికి చేసిన సవరణ అప్పుడే అమల్లోకి వచ్చింది. ఫారంలో 18వ గడి మిగతా వివరాల కోసం. అక్కడ ఎస్‌టీఎస్ అని రాసి, పక్కన ఈ విమానాన్ని ప్రత్యేకంగా ఎందుకు చూడాలో కారణం రాస్తారు. సవరణకు ముందు ఆ కారణం రాయడానికి గట్టి కట్టుబాటు లేదు. ఆస్పత్రి విమానమని చెప్పే హోస్ప్ అని రాసినా, ఒక ఇంజిన్ పనిచేయడం లేదని రాసినా అదే గడిలోనే. సవరణ తర్వాత ముందే ఖరారు చేసిన జాబితాలోంచే మాట ఎంచుకోవాలి. ఆ జాబితాలో వైద్యానికి నేరుగా సంబంధించినవి రెండు. వైద్యాధికారులు ప్రకటించిన వైద్య ప్రయాణమైతే హోస్ప్. ప్రాణం మీదికి వచ్చి అత్యవసరంగా తరలిస్తుంటే మెడెవాక్.

నా ఉద్దేశంలో అసలు మలుపు ఇదే. వైద్యం పేరుతో ఎగిరే ప్రతి విమానమూ ఒకే తొందరలో ఉండదని అంతర్జాతీయ ఫారం మొదటిసారి స్పష్టంగా ఒప్పుకుంది. నిలకడగా ఉన్న పేషెంట్‌ను ఇంకో ఆస్పత్రికి మార్చడం వేరు, గంట ఆలస్యమైతే దక్కని మనిషిని తీసుకెళ్లడం వేరు. రెండూ ఒకే విమానం, ఒకే స్ట్రెచర్, ఒకే సిబ్బంది కావచ్చు. తేడా అంతా పేషెంట్ పరిస్థితిలోనే.

ఈ తేడా కాగితానికే పరిమితం కాలేదు. రద్దీ ఎక్కువైనప్పుడు యూరప్‌లో విమానాలకు బయలుదేరే స్లాట్‌లు ఇస్తారు, స్లాట్ వచ్చేదాకా నేల మీదే ఆగాలి. ఫ్లైట్ ప్లాన్‌లో మెడెవాక్ అని ఉంటే, యూరప్‌లో విమానాల రాకపోకలను సమన్వయం చేసే సంస్థ యూరోకంట్రోల్ వ్యవస్థ ఆ విమానానికి దానంతటదే మినహాయింపు ఇస్తుంది. హోస్ప్ అని ఉంటే అలా జరగదు. మినహాయింపు కావాలంటే విడిగా ఆమోదం తెచ్చుకుని, ఆ సంగతిని ప్లాన్‌లో రాయాలి. అంటే ఏ మాట రాశారన్న దాన్నిబట్టే విమానం లేస్తుందో, ఆగుతుందో తేలుతుంది. అంత బరువున్న మాటను అలవాటుగా రాసేయాలన్న ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుందో ఊహించడం కష్టం కాదు.

అమెరికాలోనూ దాదాపు అదే సమయంలో మార్పు వచ్చింది. అక్కడ పౌర అంబులెన్స్ విమానాలు చాలాకాలం ‘లైఫ్‌గార్డ్’ అనే కాల్‌సైన్ (రేడియోలో విమానాన్ని పిలిచే పేరు) వాడేవి. దాని స్థానంలో మెడెవాక్ వచ్చింది. ఫ్లైట్ ప్లాన్‌లో రిజిస్ట్రేషన్ ముందు రాసే ‘ఎల్’ అక్షరం మాత్రం పాత పేరు గుర్తుగా అలాగే ఉండిపోయింది. అయితే ఈ వాదనలో అంతగా ప్రస్తావనకు రాని సంగతి అక్కడి కంట్రోలర్ల నియమావళిలో ఉంది. ప్లాన్‌లో ఎల్ అక్షరం ఉన్నా, రిమార్కుల్లో మెడెవాక్ అని రాసినా, అది సమాచారం మాత్రమే. దాన్నిబట్టి ప్రాధాన్యం ఇవ్వనక్కర్లేదు. పైలట్ రేడియోలో నోటితో మెడెవాక్ అని, ఆ వెంటనే తన కాల్‌సైన్ చెప్పినప్పుడే ప్రాధాన్యం మొదలవుతుంది. పైలట్లకు ఇచ్చే సూచనలు ఇంకా గట్టిగా ఉన్నాయి. ఆ మాటను ఎంతో విచక్షణతో వాడాలి, తొందర నిజంగా అవసరమైన భాగానికి మాత్రమే వాడాలి.

కాబట్టి ప్రాధాన్యం విమానానిది కాదు, కంపెనీది అంతకంటే కాదు. ప్రయాణంలో ఆ భాగానిది.

కంట్రోలర్ల బాధ ఇక్కడే మొదలవుతుంది. ప్లాన్‌లో రెండు మెట్లు ఉన్నా, హెడ్‌సెట్‌లో వినపడేది ఒక్క మాటే. లోపల ఎవరున్నారో, ఎలా ఉన్నారో వాళ్లకు కనపడదు. విచారించి నిజం తేల్చడం వాళ్ల పని కాదు, కాకూడదు కూడా. విన్నారంటే నమ్మాలి, నమ్మి మిగతా అందరినీ జరపాలి. ఆ జరపడం ఎలా ఉంటుందో చూడండి. దిగడానికి జెట్‌లు బారుగా వస్తున్నాయి. వాటి మధ్యలోకి వేగం తక్కువున్న టర్బోప్రాప్ (ప్రొపెల్లర్ విమానం) అంబులెన్స్ రావాలి. దాని వెనకపడేవాటికి స్పీడ్ తగ్గించమని చెప్పాలి, ఒకటి రెండింటిని పక్క దిశకు తిప్పాలి, అవసరమైతే ఒకదాన్ని హోల్డింగ్‌లో, అంటే గాల్లోనే చుట్లు తిరుగుతూ ఆగేలా పెట్టాలి, పక్క సెక్టార్‌ను, అంటే పక్క గగనతల భాగాన్ని చూసే కంట్రోలర్‌తో మాట్లాడాలి. అన్నీ ఒకటి రెండు నిమిషాల్లో. అప్పుడు కూడా కొన్ని దూరాలను ముట్టుకోవడానికి వీల్లేదు. హెవీ తరగతి విమానం వెనక లైట్ తరగతి విమానం దిగుతుంటే ఐకావో ప్రమాణం ప్రకారం రాడార్ మీద 6 నాటికల్ మైళ్ల ఎడం ఉండాలి. ముందు విమానం వదిలిన సుడిగాలి చిన్న విమానాన్ని తిరగేయగలదు. లోపల పేషెంట్ ఉన్నా ఆ ఎడం అంతే. క్యూలో పెట్టారన్న ఫిర్యాదుల్లో కొన్నిటికి జవాబు ఇదే.

పైగా మెడెవాక్ అన్నిటికంటే ముందు కాదు. దిగే వరుసలో ఐకావో మొదటి చోటు ఇచ్చింది, తన భద్రతకే ముప్పు వచ్చి దిగక తప్పని విమానానికి. ఆ తర్వాత ఆస్పత్రి విమానాలు, అత్యవసర చికిత్స కావాల్సినవాళ్లను మోసుకొచ్చేవి. వాటి తర్వాత గాలింపు, రక్షణ చర్యల్లో ఉన్నవి.

ఇంకో గందరగోళం కూడా ఈ చర్చలో తరచూ దొర్లుతోంది. ప్రయాణికుడికి గుండెపోటు వచ్చిన ఎయిర్‌లైన్ విమానం ‘పాన్ పాన్ మెడికల్’ అనాలని చాలామంది అనుకుంటారు. అలా కాదు. ఆ సిగ్నల్ 1949 జెనీవా ఒప్పందాలు, వాటి అనుబంధ ప్రోటోకాల్‌ల కింద రక్షణ పొందే వైద్య రవాణా తనను తాను గుర్తు చేసుకోవడానికి ఉంది. విమానంలో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే మామూలుగా తొందర పరిస్థితిని తెలిపే పాన్ పాన్ చెప్పి, విషయం వివరిస్తే సరిపోతుంది.

కంపెనీల వాదనలో న్యాయం లేకపోలేదు. ‘ఖాళీ విమానం’ అన్న ఆరోపణ సగమే నిజం. పేషెంట్‌ను ఎక్కించుకోవడానికి వెళ్తున్న విమానం ఖాళీగానే ఉంటుంది, కానీ అవతల ఎదురుచూస్తున్న మనిషికి ఆ నిమిషాలే కీలకం. మార్పిడికి అవయవం తీసుకెళ్తున్న విమానంలో పేషెంటే ఉండడు. ఇవి రెండూ అమెరికా సూచనల ప్రకారం మెడెవాక్ కిందికే వస్తాయి. రాని భాగం ఒకటుంది: పేషెంట్‌ను దించేసి బేస్‌కు తిరిగి వెళ్లేది. ఆ దారిలోనూ మెడెవాక్ అంటే అడ్డుకునేవాళ్లు ఉండరు. నష్టం మాత్రం రేపు నిజంగా అవసరమై ఆ మాట చెప్పే ఇంకో పైలట్‌కు.

కంపెనీలు ఎత్తి చూపే ఇంకో చిక్కు మరీ కష్టమైనది. చాలా సంస్థల్లో పేషెంట్ పరిస్థితిని కావాలనే పైలట్‌కు చెప్పరు. చెబితే వాతావరణం బాగోలేకపోయినా బయలుదేరతాడని భయం. ఆ భయం ఊరికే పుట్టలేదు. 2002 జనవరి నుంచి 2005 జనవరి వరకు అమెరికాలో వైద్య సేవల విమానాలు, హెలికాప్టర్లకు జరిగిన 55 ప్రమాదాలను అక్కడి రవాణా భద్రతా బోర్డు ఎన్‌టీఎస్‌బీ పరిశీలించి 2006లో నివేదిక ఇచ్చింది. వాటిలో 54 మంది చనిపోయారు. మరి పరిస్థితి తెలియని పైలట్ మెడెవాక్ అనాలో వద్దో ఎలా నిర్ణయించాలి? పని చేసే దారి ఒకటే కనిపిస్తోంది. బయలుదేరాలా వద్దా అన్నది వాతావరణం చూసి పైలట్ ముందే తేల్చుకోవాలి. ఎగిరాక వెనక ఉన్న డాక్టరో నర్సో ‘ప్రయారిటీ కావాలి’ అనో, ‘అక్కర్లేదు’ అనో చెప్పాలి. అంతకుమించి వివరాలు అవసరం లేదు.

పరిస్థితి దారిలో మారితే ఏం చేయాలన్నదానికీ జవాబు ఈ పద్ధతిలోనే ఉంది. అమెరికాలో ప్రాధాన్యం నోటి మాటతో మొదలవుతుంది కాబట్టి, మామూలు కాల్‌సైన్‌తో బయలుదేరిన విమానంలో పేషెంట్‌కు ఊపిరి అందకపోతే, పైలట్ మళ్లీ ఫ్లైట్ ప్లాన్ నింపక్కర్లేదు. తర్వాతి కాల్‌లో మెడెవాక్ అంటే చాలు. దించేశాక, తిరుగు ప్రయాణంలో మొదటి కాల్ నుంచే ఆ మాట తీసేయాలి.